బాణసంచా ఫొటోలు ఎందుకు తెల్లబడ్డాయి: కృష్ణ ఒడ్డు నుంచి ఒక కేస్ స్టడీ

బాణసంచా ఫొటోలు చెడిపోయాయని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది "కెమెరా చాలట్లేదు సార్" అనే మొదలుపెడతారు. ఈ కేసులో ఆ మాట అప్పు చేసి కొత్త కెమెరా కొనే దాకా వెళ్లింది. తీరా ఫైళ్లు తెరిచి చూస్తే, కెమెరాతో సంబంధం లేని తప్పులు కొన్ని ఒకదానిపై ఒకటి పడి, పైకి ఒకే జబ్బులా కనిపిస్తున్నాయి. వాటిని ఎలా విడదీశామో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో ఇక్కడ రాస్తున్నాను. ఫొటోగ్రాఫర్ ఆనవాళ్లు, పని ఇచ్చినవాళ్ల పేరు, జరిగిన సంవత్సరం కావాలనే వదిలేశాను.

నేపథ్యం

అతను గుంటూరు చుట్టుపక్కల పెళ్లిళ్లు తీసే కుర్రాడు. మండపంలో మసక వెలుతురైనా, తలంబ్రాల హడావుడైనా తడబడడు. చేతిలో 24 మెగాపిక్సెళ్ల, చిన్న సెన్సార్ ఉండే ఏపీఎస్-సీ కెమెరా, దానితో వచ్చిన 18-55 లెన్సు, పోర్ట్రెయిట్లకు వాడే 50 ఎంఎం లెన్సు ఉన్నాయి.

కృష్ణకు దక్షిణపు ఒడ్డున, కరకట్ట దాపున ఉన్న ఒక నివాస సముదాయం కమిటీ అతనికి పని అప్పగించింది. దీపావళి రాత్రి అందరూ చందాలు వేసుకుని స్కై షాట్లు కాలుస్తారు. ఆ దృశ్యం నీళ్లలో ప్రతిబింబంతో సహా ఒకే ఫొటోగా కావాలి. దాన్ని ఆరడుగుల ఎత్తు ప్రింటు తీయించి హాల్లో పెట్టుకుంటారు. అడ్వాన్స్ కూడా ఇచ్చారు.

బాణసంచా తీయడం అతనికి కొత్త. అందుకని విజయదశమి రాత్రిని రిహార్సల్‌గా పెట్టుకున్నాడు. సీతానగరం వైపు ఒక మేడ ఎక్కి, నది అవతల ఇంద్రకీలాద్రి కింద, దుర్గా ఘాట్ వైపు కాలుస్తున్న మందుగుండును తీశాడు. ఆ ఫైళ్లన్నీ పట్టుకుని మర్నాడే వచ్చాడు. దసరాకీ దీపావళికీ మధ్య ఇరవై రోజులే కాబట్టి టెన్షన్ ముఖంలోనే కనిపిస్తోంది. పెద్ద సెన్సార్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు ఈఎంఐ ఎంత పడుతుందో కూడా అడిగి వచ్చాడు.

తెచ్చిన సమస్య

అతని ఫిర్యాదు ఒక్కటే: "పువ్వు విచ్చుకున్న చోట తెల్లటి ముద్ద వస్తోంది, రంగు రావట్లేదు." ఫొటోల్లో నాకు కనిపించినవి ఇంకా ఉన్నాయి. పువ్వులకు కాడలు, అంటే నేల నుంచి పైకి లేచే నిప్పు గీతలు, లేవు, రాలిపోతున్న రేకుల చివర్లే ఉన్నాయి. గీతలు సన్నగా వణికాయి. ఫ్రేములో ఎక్కువ భాగం నల్లటి ఆకాశం, బాణసంచా ఒక మూల చిన్నగా ఉంది. చివరి సగం ఫొటోల్లో పొగే పొగ. పైగా మధ్యలో కెమెరా "హ్యాంగ్" అయి కొన్ని మంచి షాట్లు పోయాయన్నాడు.

ఇలాంటప్పుడు సెట్టింగులు చెప్పి పంపేయడం తేలిక. ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) 100, ఎఫ్11 (అపర్చర్, అంటే లెన్సు రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నది), బల్బ్ మోడ్ (మనం ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండేది) అని ఎక్కడ వెతికినా దొరుకుతుంది. నేను ఆ దారిలో వెళ్లలేదు, ఎందుకంటే దీపావళి రాత్రి ఏదైనా తేడా వస్తే అతను ఒడ్డున ఒంటరిగా ఉంటాడు. ఏ మీట దేన్ని మారుస్తుందో తెలియనివాడు కంగారులో అన్నీ కలిపి తిప్పేస్తాడు. దసరా రాత్రి జరిగింది అదేనని ఫైళ్లే చెబుతున్నాయి.

అప్పటికే చేసి చూసినవి

మొదట పెళ్లిళ్ల అలవాటు ప్రకారం ఎఫ్3.5, ఆటో ఐఎస్ఓ, సెకనులో అరవయ్యో వంతు షట్టర్‌తో తీశాడు. పువ్వులు చుక్కలు చుక్కలుగా, గరుకుగా వచ్చాయి. ఎవరినో ఫోన్లో అడిగితే "షట్టర్ పెంచు" అన్నారట. ఎఫ్4, ఐఎస్ఓ 400 పెట్టి 15 సెకన్లు తెరిచాడు. గీతలు వచ్చాయి కానీ తెల్లబడ్డాయి. సమయం ఎక్కువైందనుకుని 8 సెకన్లకు, 4 సెకన్లకు తగ్గించాడు. తెలుపు పోలేదు, ఊరి దీపాలు మాత్రం చీకటైపోయాయి. ఇక చేసేదేమీ తోచక కెమెరాదే లోపమని తేల్చుకున్నాడు.

ఈ వరసలోనే అసలు కీలకం ఉంది. సమయం నాలుగో వంతుకు తగ్గినా తెలుపు తగ్గలేదంటే, తెలుపుకు కారణం సమయం కాదు.

విడదీసి చూడటం

ఆ మాట నోటితో చెబితే అతనికి ఎక్కలేదు. అందుకే కాకరపువ్వొత్తులు తెప్పించి, ఆ సాయంత్రమే మేడ మీద పరీక్ష పెట్టాం. ట్రైపాడ్ మీద కెమెరా, ఎఫ్8, ఐఎస్ఓ 100. ఒకరు వెలిగించిన ఒత్తి పట్టుకుని గాలిలో గీత గీస్తూ నడుస్తారు. ఒకసారి 2 సెకన్లు, ఇంకోసారి 8 సెకన్లు తెరిచాం. రెండో ఫొటోలో గీత పొడవు పెరిగింది, వెనక గోడ వెలుగు పెరిగింది, కానీ గీత తెలుపు పెరగలేదు. తర్వాత సమయం అలాగే ఉంచి ఎఫ్16కు వెళ్లాం. గీత సన్నబడి, ఒత్తి బంగారు రంగు బయటపడింది.

కారణం ఇది. కదిలే నిప్పురవ్వ సెన్సార్ మీద ఒక్కో చోట క్షణంలో చిన్న వంతు మాత్రమే ఉండి పక్కకు జరిగిపోతుంది. షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఆ చోటికి మళ్లీ రాదు. కాబట్టి గీత ఎంత ప్రకాశంగా పడాలో నిర్ణయించేవి అపర్చర్, ఐఎస్ఓ. కదలకుండా ఉండే కొండ, ఘాట్, వీధి దీపాల వెలుగు మాత్రం షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ పోగవుతూనే ఉంటుంది. నిప్పుకు అపర్చర్, ఊరికి సమయం: రెండు మీటలు విడివిడిగా దొరికాయి.

మూడో పరీక్షగా ఒత్తిని కదపకుండా ఒకే చోట పట్టుకున్నాం. అప్పుడు సమయం పెరిగేకొద్దీ తెల్లటి ముద్ద తయారైంది. పువ్వు నడిబొడ్డు ఎందుకు ముందుగా తెల్లబడుతుందో అతనికి ఇక్కడ అర్థమైంది. రవ్వలన్నీ అక్కడి నుంచే బయల్దేరతాయి, పైగా నాలుగైదు షాట్లు ఒకే ఫ్రేములో పడితే నడిబొడ్లన్నీ దాదాపు ఒకే చోట పేరుకుంటాయి. అంటే అపర్చర్ సరిచేస్తే రేకులు బాగుపడతాయి గానీ, మధ్యలోని ముద్ద పోవాలంటే ఒక ఫ్రేములో ఎన్ని పువ్వులు పడనివ్వాలో కూడా చూసుకోవాలి.

దసరాకు అతను వాడిన ఎఫ్4, ఐఎస్ఓ 400 నుంచి ఎఫ్11, ఐఎస్ఓ 100కు వస్తే మొత్తం ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), అంటే నిప్పు మీద 32 రెట్ల తేడా. ఏ కెమెరాతో తీసినా ఆ ఫొటో తెల్లగానే వచ్చేది.

కాడలు లేకపోవడం నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. "ఎప్పుడు నొక్కావు?" అని అడిగితే, "ధడ్‌మని లేచిన శబ్దం వినగానే" అన్నాడు. పక్కనే నిలబడితే అది సరైన పద్ధతే. కానీ అక్కడ నది వెడల్పు కిలోమీటరు పైమాటే. ప్రకాశం బ్యారేజీ పొడవే 1,223 మీటర్లు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది, అంటే ఆ దూరం దాటడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. మూడంగుళాల షెల్ (గొట్టంలోంచి పైకి పేల్చే గుండు) నేల నుంచి లేచి సుమారు వంద మీటర్ల ఎత్తులో పేలడానికి కూడా దాదాపు అంతే సమయం. శబ్దం చెవిని చేరేసరికి పువ్వు విచ్చుకుని రాలడం మొదలవుతోంది. షట్టర్ ప్రతిసారీ ఒక పువ్వు ఆలస్యంగా తెరుచుకుంది. చెవిని వదిలేసి, నేల దగ్గర మెరిసే మొదటి నిప్పును కంటితో పట్టుకోవాలి.

అదే లెక్క లెన్సు ఎంపికకూ పనికొచ్చింది. మెరుపుకూ శబ్దానికీ మధ్య సెకన్లు లెక్కపెడితే దూరం తెలుస్తుంది. సెన్సార్ కొలతను దూరంతో గుణించి లెన్సు ఎంఎంతో భాగిస్తే అక్కడ ఎన్ని మీటర్లు ఫ్రేములో పడతాయో వస్తుంది. అతను 18 ఎంఎంతో అడ్డంగా పట్టుకున్నాడు. 1,100 మీటర్ల దూరంలో ఆ ఫ్రేము ఎత్తు దాదాపు కిలోమీటరు. అందులో నూటయాభై మీటర్ల బాణసంచా ఏ మూలకు? 50 ఎంఎంతో కెమెరాను నిలువుగా పెడితే ఎత్తు 530 మీటర్లు, వెడల్పు 350. పైన పువ్వులు, కింద నీళ్లలో వాటి ప్రతిబింబం కలిపి మూడు వందల మీటర్లు, మిగతాది ఊపిరాడటానికి. కావలసిన లెన్సు అతని సంచిలోనే ఉంది. అది జూమ్ కాకపోవడం ఇంకా మేలు, చీకట్లో చేయి తగిలి ఫ్రేము మారే భయం లేదు.

"హ్యాంగ్" సంగతి ఫైళ్ల సమయాలు చూస్తే తేలిపోయింది. 15 సెకన్ల ఫొటో తర్వాత ప్రతిసారీ ఇంచుమించు అంతే ఖాళీ ఉంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే, కెమెరా ఫొటో తీశాక షట్టర్ మూసి మరో అంతసేపు ఖాళీ ఫ్రేము తీసుకుంటుంది. ఆ సేపు మనకు పని చేయదు. నిశ్చలమైన రాత్రి దృశ్యాలకు అది ఉపయోగమే, బాణసంచాకు మాత్రం ఆపేయాల్సిందే.

వణుకును కనిపెట్టడం తేలిక. ఫ్రేములో ఉన్న వీధి దీపాలు, నిప్పు గీతలు అన్నీ ఒకే తీరుగా వంకర పోతే కదిలింది కెమెరా. మేడ మీద జనం తిరుగుతున్నారు, ట్రైపాడ్ నడిమి కడ్డీ పూర్తిగా పైకి లాగి ఉంది, చేతి వణుకును సరిచేసే లెన్సు స్టెబిలైజేషన్ ఆన్‌లో ఉంది. ఇలాంటిచోట ట్రైపాడ్ ఎంత ఖరీదైనదన్న దానికన్నా దాని కాళ్ల కింద ఏముందన్నది ముఖ్యం.

కెమెరా కొనడం గురించి కూడా అదే రోజు తేల్చేశాం. 24 మెగాపిక్సెళ్లంటే పొడవు వైపు 6,000 పిక్సెళ్లు. ఆరడుగుల ప్రింటులో అంగుళానికి 83 పడతాయి. హాల్లో రెండు మీటర్ల దూరం నుంచి చూసేవాళ్ల కంటికి ఆ చుక్కలు విడివిడిగా కనిపించవు. "మరి ఈఎంఐ వద్దంటారా సార్?" అన్నాడు. వద్దన్నాను.

దీపావళికి ముందు నిర్ణయాలు

ఎక్కడ నిలబడాలన్నది ముందుగా తేల్చాల్సి వచ్చింది. నివాస సముదాయం మేడల మీద నుంచి తీస్తే దగ్గరగా ఉంటుంది గానీ ప్రతిబింబం రాదు. నీళ్లు ముందుండాలంటే అవతలి ఒడ్డుకు, విజయవాడ వైపు వెళ్లాలి. దీపావళి నాటికి సాధారణంగా ఈశాన్య గాలులు మొదలవుతాయి. ఉత్తరపు ఒడ్డున ఉంటే పొగ మన మీదికి రాకుండా అవతలికి పోతుంది. దసరా రాత్రి అతను దీనికి ఎదురు దిక్కున, దక్షిణపు ఒడ్డున ఉన్నాడు. కొండ వైపు నుంచి వచ్చే పొగంతా అతని లెన్సుకు అడ్డంగా నిలిచింది. గాలి లెక్క ప్రతి రాత్రీ నిజం కాకపోవచ్చు కాబట్టి, ఘాట్ మీద అగరుబత్తి వెలిగించి చూసుకుని, అవసరమైతే కొంత దూరం జరగడానికి వీలుగా రెండు చోట్లు ఎంచుకున్నాం. నది మధ్యలోని భవానీ ద్వీపం అడ్డు పడని కోణం కావాలి కాబట్టి పగలే వెళ్లి చూసి, కెమెరా పెట్టుకుంటామని అక్కడ విధుల్లో ఉన్నవాళ్లకు చెప్పి వచ్చాడు.

నీళ్ల సంగతి మన చేతిలో లేదు. బ్యారేజీకి ఉన్న 70 గేట్లలో ఎక్కువ తెరిస్తే ఎగువన కూడా ప్రవాహం లాగుతుంది, ప్రతిబింబం ముక్కలవుతుంది. దసరాకు అలాగే ఉంది. వరద ఎక్కువున్న ఏళ్లలో అమ్మవారి హంస వాహనాన్ని కూడా నదిలో తిప్పకుండా ఘాట్ దగ్గరే ఉంచి పూజలు చేస్తారు. అందుకే ప్రతిబింబం వస్తుందని కమిటీకి మాట ఇవ్వొద్దని, నీళ్లు నిలకడగా ఉంటేనే వస్తుందని ముందే చెప్పమని అన్నాను. ఆ మాట చెప్పడానికి అతను చాలా సంకోచించాడు. చెప్పాక వాళ్లు సులువుగానే ఒప్పుకున్నారు.

నేను పట్టుబట్టింది మరొకటి ఉంది: ఎనిమిది గంటలకల్లా కాల్చడం మొదలుపెట్టమని అడగడం. 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం దీపావళి రాత్రి 8 నుంచి 10 గంటల మధ్యే, అదీ కాలుష్యం తక్కువుండే గ్రీన్ క్రాకర్ల వంటివే కాల్చాలి. అందరూ ఆ రెండు గంటల్లోనే కాలుస్తారు కాబట్టి ఊరి పొగ తొమ్మిదిన్నరకు నది మీద పరుచుకుంటుంది. మొదటి అరగంటే శుభ్రమైన సమయం. వరసలో కూడా రంగుల షాట్లు ముందు, వెండి తెలుపువి చివర పెట్టమని కాల్చేవాళ్లతో మాట్లాడించాం. టైటానియం, మెగ్నీషియం, అల్యూమినియంతో వచ్చే తెలుపు చాలా తీవ్రంగా ఉంటుంది. దానికి సరిపోయే అపర్చర్‌లో స్ట్రాన్షియం ఎరుపు మసకబారుతుంది, రాగితో వచ్చే నీలమైతే కనిపించదు. అన్నీ కలిపి కాలిస్తే ఏ సెట్టింగుతోనూ అన్ని రంగులకూ న్యాయం జరగదు.

ఆ రాత్రి ఏం తప్పింది, ఏం కుదిరింది

నేను పక్కనే ఉన్నాను గానీ కెమెరా ముట్టుకోలేదు. ఫోకస్ పని మొదట్లోనే ముగించాడు. లైవ్ వ్యూలో అవతలి ఒడ్డు దీపాన్ని పెద్దది చేసి, చుక్క సన్నబడే దాకా తిప్పి, మాన్యువల్‌లో పెట్టి టేపు అంటించాడు. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మొద్దని చెప్పాను, చాలా లెన్సులు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతాయి. స్టెబిలైజేషన్, నాయిస్ రిడక్షన్ ఆఫ్. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్ 4,000 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టాడు, ఫొటో ఫొటోకీ ఆకాశం రంగు మారకుండా. సెన్సార్ పట్టినదంతా ఉండే రా (RAW) ఫైళ్లు. ట్రైపాడ్ నడిమి కడ్డీ దించేసి, ఘాట్ రాతి మీద కాళ్లు ఆనించాడు.

ఎఫ్11తో మొదలైంది. ఎరుపు, ఆకుపచ్చ బాగా వచ్చాయి. కాడలు కూడా ఉన్నాయి, నేల మెరుపు చూసి రిమోట్ నొక్కుతున్నాడు. కానీ కెమెరా తెర మీద బాగున్నాయని ముందుకు పోతుంటే ఆపి, మూడు రంగుల హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో విడివిడిగా చూపే పటం; కుడి అంచు తాకితే ఆ రంగు హద్దు దాటినట్టు) తెరిపించాను. మామూలు హిస్టోగ్రామ్ మధ్యలో నిశ్చింతగా ఉంది, ఎరుపుది మాత్రం కుడి గోడకు గుద్దుకుంది. అలాంటి ఎరుపు ప్రింటులో గులాబీ రంగులోకో పసుపులోకో జారిపోతుంది. ఎఫ్13కు దిగాడు.

అప్పుడు కొత్త ఇబ్బంది వచ్చింది. ఒక పువ్వుకు నాలుగైదు సెకన్లు తెరిస్తే నిప్పు బాగుంది, ఊరు మాత్రం చీకటి. అమావాస్య, వెన్నెల కూడా లేదు. పన్నెండు సెకన్లు తెరిస్తే ఒడ్డు దీపాలు, కొండ గీత తేలుతున్నాయి, కానీ ఆ లోపు అయిదారు పువ్వులు పడి మధ్యలో ముద్దవుతోంది. నిప్పుకొక మీట, ఊరికొక మీట అన్న సూత్రం ఇక్కడ ఒక్కటే సరిపోదు, ఎందుకంటే ఊరి కోసం తెరిచిన సమయంలో నిప్పు కూడా వస్తూనే ఉంటుంది.

దీనికోసమే నల్ల అట్ట తెచ్చుకోమన్నాను. బల్బ్ మోడ్‌లో రిమోట్ లాక్ చేసి, షట్టర్ తెరిచే ఉంచి, అట్టను లెన్సుకు తగలకుండా ముందు పట్టుకోవాలి. నచ్చిన షాట్ లేస్తుంటే అట్ట తీయాలి, రాలాక మళ్లీ అడ్డం పెట్టాలి. అట్ట తీసి ఉంచిన సమయమంతా కలిపి పన్నెండు సెకన్లు వచ్చేలా చూసుకోవాలి. మొదటి కొన్ని ఫొటోల్లో అట్ట తీసే ఊపుకు కెమెరా కదిలింది, ఘాట్ మీది దీపాల కాంతి అట్ట అంచు మీద పడి మసక చార కూడా వచ్చింది. అట్టను కిందికి దించే బదులు పక్కకు జరపమని, తన ఒంటితో వెనక దీపాన్ని కప్పమని చెప్పాక రెండూ పోయాయి. ఎడమ పక్క ఒక ఎర్ర పువ్వు, మధ్యలో ఎత్తుగా బంగారు రంగుది, కుడి పక్క కాస్త దిగువన ఆకుపచ్చది, కింద నీళ్లలో మూడూ సాగిన గీతలై: కమిటీకి వెళ్లిన ఫొటో అదే. ఎనిమిదిన్నర లోపే దొరికింది.

చివరి వెండి షాట్ల జోరు మాత్రం ఎవరికీ లొంగలేదు. ఎఫ్16కు దిగాడు, ఒక్కో సెకను మాత్రమే అట్ట తీశాడు. అయినా వెనక పొగ మీద ఆ తెలుపు పడి మొత్తం ఆకాశం వెలిసిపోయింది. ఎఫ్22కు వెళ్లొద్దని నేనే చెప్పాను. అంత చిన్న రంధ్రంలో డిఫ్రాక్షన్ (కాంతి చెదరడం) వల్ల అన్నీ మెత్తబడిపోతాయి, ఆరడుగుల ప్రింటులో అది తెలిసిపోతుంది.

తర్వాత

ప్రింటుకు ముందు ఒక చర్చ నడిచింది. వేర్వేరు ఫ్రేముల్లోని మంచి పువ్వుల్ని కంప్యూటర్‌లో ఒకచోట చేరిస్తే ఇంకా నిండుగా ఉంటుందని అతని మిత్రులు అన్నారట. నా అభిప్రాయం గట్టిగానే చెప్పాను. ఆ ఫొటో వేలాడేది ఆ రాత్రి చందాలు వేసి, కాల్చి, పిల్లలతో నిలబడి చూసినవాళ్ల ఎదుట. ఏ షాట్ తర్వాత ఏది లేచిందో వాళ్లకు గుర్తుంటుంది. అట్టతో కలిపినదైనా అది ఆ ఆకాశంలో ఆ కొద్ది నిమిషాల్లో నిజంగా వెలిగినదే, ఒకే ఎక్స్‌పోజర్. దాన్ని అలాగే ఇవ్వాలి. పొగను తగ్గించడానికి డీహేజ్ స్లైడర్ కూడా కొద్దిగానే వాడమన్నాను, ఎక్కువైతే గీతల చుట్టూ నల్లటి అంచు కడుతుంది.

నీలం ప్రింటులో తెర మీద కన్నా మసకగా వచ్చింది. చిన్న సైజు టెస్ట్ ప్రింటు ముందే తీయించడం వల్ల అది తెలిసి, ఆ ఒక్క రంగును కొంచెం లేపి పెద్దది తీయించాడు.

ఈ కేసు తర్వాత నా పనిలో

బాణసంచా ఫొటోలు పట్టుకుని ఎవరొచ్చినా ఇప్పుడు మొదట ఫైళ్ల సమయాలు, వాటి మధ్య ఖాళీలు చూస్తాను. ఆ తర్వాత గీతల వంకర, కాడలు, చివరికి తెలుపు. తెలుపు అందరి కంటా ముందు పడుతుంది కాబట్టి దానితో మొదలుపెడితే మిగతావి దాని వెనక దాక్కుంటాయి. కాకరపువ్వొత్తి పరీక్ష ప్రతి ఒక్కరితో చేయిస్తున్నాను. లెక్క నోటితో ఒప్పుకున్నవాళ్లు కూడా ఒడ్డున కంగారులో షట్టర్ చక్రమే తిప్పుతారు, చేతితో చేసి చూసినవాళ్లు తిప్పరు.

అతను ఇప్పుడు ఇలాంటి పని ఒప్పుకునే ముందు ఏమేం కాలుస్తారో పట్టిక అడుగుతున్నాడు, అందులో వెండి షాట్లు ఎప్పుడు వస్తాయో గుర్తు పెట్టుకుంటున్నాడు. మొన్న ఒక రిసెప్షన్‌కు వధూవరుల వెనక స్కై షాట్లు కావాలన్నారట. మనుషులకు ఫ్లాష్, నిప్పుకు ఎఫ్11, ఫ్లాష్ వెలిగాక కూడా నాలుగు సెకన్లు వాళ్లు కదలకుండా నిలబడాలి. వధువు పట్టుచీర అంచు గాలికి ఆడితే ఏం చేయాలని అడిగాడు. ఫ్లాష్ ఆరాక వాళ్ల మీద వేరే వెలుతురేదీ పడకుండా చూసుకుంటే ఆ కదలిక నమోదు కాదని చెప్పాను. మండపం లైట్లు ఆపించడానికి ఆ పెళ్లివాళ్లు ఒప్పుకుంటారో లేదో కనుక్కుని వస్తానని వెళ్లాడు.